ఇంటికో డి1

హైదరాబాద్‌లో ఏ ఇంటి ప్లాన్ తెరిచినా తలుపుల పక్కన డి, డి1, డి2 అని ఉంటుంది. కిటికీకి డబ్ల్యూ, వంటింటి కిటికీకి కె.డబ్ల్యూ, వెంటిలేటర్‌కు వి, దుకాణం షట్టర్‌కు ఆర్.ఎస్. ప్లాన్ పక్కన ఒక పట్టిక ఉంటుంది: డి1 అంటే మూడున్నర అడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు, డి2 అంటే మూడడుగులు, బాత్రూమ్ తలుపు రెండున్నర. మేస్త్రీకీ, వడ్రంగికీ, ఇంటి యజమానికీ అందరికీ తెలిసిన భాష ఇది. కాగితం మీద దీంతో ఏ చిక్కూ రాలేదు. ఎవరి షీట్‌కు వారి పట్టిక ఉంటుంది కాబట్టి, అబిడ్స్‌లో ఒక ఆఫీసు డి1 మూడున్నర అడుగులైనా, నాంపల్లిలో మరో ఆఫీసు డి1 మూడడుగులైనా ఎవరి ఇల్లు వారిది.

ఆ రెండు డ్రాయింగ్‌లూ కంప్యూటర్‌లో కలిసినప్పుడు చిక్కు మొదలవుతుంది. ఒక ఫైల్‌లోని పై అంతస్తు ప్లాన్‌ను కాపీ చేసి ఇంకో ఫైల్‌లో పేస్ట్ చేశామనుకోండి. రెండింటిలోనూ డి1 అనే బ్లాక్, అంటే పేరు పెట్టి దాచుకున్న బొమ్మ, ఉంది. డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ ఆటోకాడ్ ఆగదు, అడగదు, హెచ్చరిక పెట్టె తెరవదు. తెర అడుగున కమాండ్ లైన్‌లో ఒక చిన్న వాక్యం మెరిసి పోతుంది: డి1 నిర్వచనం ఇక్కడ ముందే ఉంది కాబట్టి వచ్చినదాన్ని పక్కన పెట్టాను అని దాని సారాంశం. ఆ క్షణంలోనే, వచ్చిన ప్లాన్‌లోని మూడడుగుల తలుపులన్నీ మూడున్నర అడుగుల తలుపులైపోతాయి. గోడలో వదిలిన సందు మూడడుగులే ఉంటుంది, తలుపు ఆరంగుళాలు గోడలోకి దూరి ఉంటుంది. 1:100 స్కేలులో ప్రింట్ తీస్తే ఆ ఆరంగుళాలు కాగితం మీద ఒకటిన్నర మిల్లీమీటరు. కంటికి ఆనదు. చట్రాలు చేయించి సైటుకు తెచ్చాక వడ్రంగి టేపు పట్టినప్పుడే అది బయటపడుతుంది.

కాగితం మీద పేరు గీతకు తోడుగా ఉండేది. ఫైల్‌లో గీతే పేరు చెప్పినట్టు వింటుంది. డ్రాయింగ్ నేర్పే చోట్ల ఈ సంగతికి ఇవ్వవలసినంత సమయం ఇవ్వడం లేదని నా గట్టి అభిప్రాయం. కమాండ్లు వరసగా నేర్పుతారు. పేరు ఎలా పెట్టాలో ఎవరూ చెప్పరు. పిల్లలు ఉద్యోగంలో చేరి, పదిమంది పంచుకునే ఫైల్‌లో చెయ్యి పెట్టాక గానీ ఆ లోటు తెలియదు.

ఒకే వస్తువును పదేపదే గీయవలసి రావడం కంప్యూటర్‌తో పుట్టిన అవసరం కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచెత్తిన తర్వాతి సంవత్సరాల్లో లియొనార్డ్ మన్ పర్యవేక్షణలో హైదరాబాద్ పురపాలక సర్వే జరిగింది. అంగుళానికి 50 అడుగుల స్కేలులో వందలాది షీట్లు గీశారు. అంత పని ఒక్క చేతితో అయ్యేది కాదు. ఎన్ని చేతులు గీసినా ఒక షీట్‌లో బావి అనుకున్నది పక్క షీట్‌లోనూ బావిలాగే కనిపించాలి, లేకపోతే షీట్లన్నీ పక్కపక్కన పరిచినా నగరం కాదు. అందుకే పటాలకు గుర్తుల పట్టిక ఉంటుంది. మన దేశంలో భవనాల డ్రాయింగ్‌లకు ఆ క్రమశిక్షణ చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 962. అయితే కాగితం కాలంలో గుర్తు ఒక్కటే అయినా గీత మాత్రం ప్రతిసారీ కొత్తదే. ప్లాస్టిక్ స్టెన్సిల్ పెట్టి వాష్‌బేసిన్, కమోడ్, కుర్చీ గీసేవారు. తర్వాత గుర్తు మార్చాలంటే ట్రేసింగ్ పేపర్ మీది ఇంకును బ్లేడుతో గీకి, ఒక్కొక్కటే మళ్లీ గీసి, మళ్లీ అమోనియా ప్రింట్లు తీయించాలి. యాభై కుర్చీలుంటే యాభైసార్లు.

ఆ యాభైని ఒకటి చేసిన మనిషి ఇవాన్ సదర్లాండ్. అమెరికాలోని ఎంఐటీలో 1963లో ఆయన డాక్టరేట్ కోసం రాసిన స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రామ్, టీఎక్స్-2 అనే గది నిండే కంప్యూటర్ మీద, లైట్ పెన్నుతో తెరపైనే బొమ్మ గీయనిచ్చింది. గీయడం కన్నా గొప్ప ఆలోచన దాని లోపల ఉంది. మూల చిత్రం ఒకటే ఉంటుంది. డ్రాయింగ్‌లో ఎన్నిచోట్ల కనిపించినా అవన్నీ ఆ మూలానికి ప్రతినిధులే. మూలాన్ని దిద్దితే ప్రతినిధులన్నీ వాటంతటవే మారతాయి. సదర్లాండ్ తన థీసిస్‌లో షడ్భుజాలతో నేల పరిచినట్టు ఒక అల్లిక గీసి, మూల షడ్భుజాన్ని మార్చగానే అల్లిక అంతా చేపపొలుసుల్లా మారిపోవడం చూపించాడు. 1982 డిసెంబరులో మార్కెట్‌లోకి వచ్చిన ఆటోకాడ్ ఈ ఆలోచననే బ్లాక్ అనే పేరుతో సాధారణ డ్రాఫ్ట్స్‌మన్ బల్ల మీదికి తెచ్చింది.

ఇది ఫైల్‌లో ఎలా దాగి ఉంటుందో చూడాలంటే డ్రాయింగ్‌ను డీఎక్స్ఎఫ్ రూపంలో సేవ్ చేసి నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అంతా మామూలు అక్షరాలే. ముందు ఒక విభాగంలో బ్లాకుల నిర్వచనాలు ఉంటాయి: డి1 అంటే ఈ గీతలు, ఈ చాపం. తర్వాత అసలు డ్రాయింగ్ విభాగంలో తలుపు ఉన్నచోటల్లా ‘ఇన్సర్ట్’ అనే మాట, దాని కింద కోడ్ 2 తర్వాతి వరసలో బ్లాక్ పేరు, కోడ్ 10, 20, 30 తర్వాత ఎక్కడ నిలబెట్టాలో ఆ స్థానం, 41 నుంచి 43 వరకు ఎంత సాగదీయాలో, 50 తర్వాత ఎంత తిప్పాలో. గీత ఒక్కటీ ఉండదు. తెర మీద మనం చూసే తలుపు ఎప్పటికప్పుడు ఆ పేరు పట్టుకుని నిర్వచనం దగ్గరికి వెళ్లి తెచ్చుకున్న రూపం. ఇది కళ్లతో చూశాక మొదట చెప్పిన చిక్కు ఎందుకు వస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. ఒక ఫైల్‌లో ఒక పేరుకు ఒకే నిర్వచనం ఉండగలదు. రెండో డి1కి అక్కడ చోటే లేదు.

లాభం ఎంతో తెలియాలంటే నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానం మంచి ఉదాహరణ. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్నగా మొదలై, తర్వాత ఇక్కడికి మారిన నుమాయిష్ ప్రదర్శనలో ఇప్పుడు రెండు వేలకు పైగా స్టాళ్లు వెలుస్తాయి. ఆ మైదానం ప్లాన్ గీస్తున్నామనుకుందాం. స్టాలు బొమ్మకు 30 గీతలు చాలనుకున్నా, కాపీ చేసుకుంటూ పోతే 2,000 స్టాళ్లకు 60,000 గీతలవుతాయి. బ్లాక్ చేస్తే 30 గీతలు, 2,000 చిన్న చిరునామాలు. ఫైల్ తేలికవుతుంది, నిజమే. కాని నాకు అంతకన్నా ముఖ్యం అనిపించేది దిద్దుబాటు. 2019 జనవరి 30 రాత్రి ఈ మైదానంలో జరిగిన అగ్నిప్రమాదంలో వరసల కొద్దీ స్టాళ్లు కాలిపోయాయి. అలాంటి ఘటన తర్వాత ఎవరైనా అడిగేది స్టాలు లోతు తగ్గితే దారి ఎంత పెరుగుతుందని, ఏ స్టాలు దగ్గర మంటలార్పే సిలిండర్ ఉందని. స్టాలు బ్లాక్‌గా ఉంటే లోతు ఒక్కచోట మార్చి మైదానం మొత్తం చూడవచ్చు. స్టాలు నంబరు, అమ్మే సరుకు, సిలిండర్ ఉందా లేదా అన్నవి ఆట్రిబ్యూట్లుగా, అంటే బ్లాక్‌కు తగిలించిన వివరాలుగా చేరిస్తే, ఒకే రూపం ఉన్న రెండు వేల స్టాళ్లలో ప్రతిదానికీ దాని సొంత వివరం ఉంటుంది, వాటిని జాబితాగా బయటికి తీయవచ్చు. 60,000 విడి గీతలను ఈ ప్రశ్నలేవీ అడగలేం. సిలిండర్ ఉన్న స్టాళ్లెన్ని అంటే గీతకు తెలియదు.

అందుకే ‘ఎక్స్‌ప్లోడ్’ కమాండ్‌ను చూస్తే బాధగా ఉంటుంది. బ్లాక్‌లో ఏదో చిన్న మార్పు కావాలి, ఎడిటర్ తెరిచే ఓపిక లేదు. ఒక్క దెబ్బతో బ్లాక్‌ను పగలగొట్టి గీతలుగా చేస్తారు. తెర మీద గీతల్లో ఏమీ తేడా కనిపించదు. కాని ఆ స్టాలు ఇక జాబితాలో లేదు, దాని నంబరూ సిలిండర్ వివరమూ పోయాయి. తర్వాత లెక్క తీసినవాడికి రెండు వేలకు బదులు పంతొమ్మిది వందల చిల్లర వస్తుంది, ఎందుకో అంతుపట్టదు.

ఇక పేరు ఎలా పెట్టాలి? ఈ నగరంలోనే దానికి ఒక పాఠం ఉంది. హైదరాబాద్ ఇంటి నంబర్లలో మొదటి అంకె వార్డు, రెండోది ఆ వార్డులోని భాగం, మూడోది ఇల్లు. నాంపల్లి స్టేషన్ రోడ్డు వైపు 5-8తో, చాపెల్ రోడ్డు వైపు 5-9తో మొదలయ్యే నంబర్లు కనిపిస్తాయి. పెద్దది ముందు, చిన్నది వెనక అన్న వరస ఎంత బాగుందంటే, కొత్త పోస్ట్‌మన్ కూడా మొదటి రెండు అంకెలతోనే ఏ వైపు వెళ్లాలో పోల్చుకుంటాడు. కాని అదే పద్ధతిలో ఇల్లు వాటాలు పడ్డప్పుడల్లా చివర గీత పెట్టి 1, దాని తర్వాత ఎ, మళ్లీ గీత అంటూ తగిలించుకుంటూ పోయినచోట ఉత్తరం అందడానికి నాలుగు గడపలు తొక్కాలి. డ్రాయింగ్ ఫైళ్లలో ‘డోర్ కొత్తది’, ‘డోర్ కొత్తది 2’, ‘డోర్ ఫైనల్’ అని కనిపించేవి ఇలా తగిలించుకున్న తోకలే.

కనుక బ్లాక్ పేరులో ముందు జాతి, తర్వాత రకం, తర్వాత కొలత, తర్వాత అది ప్లాన్ బొమ్మో ఎదురు బొమ్మో, చివర ఎన్నో సవరణో ఉండాలి. తలుపు_ఒంటిరెక్క_1050_ప్లాన్_వి2. పేరు చదవగానే తెరవకుండానే అదేమిటో తెలుస్తుంది. అక్షరక్రమంలో పేర్చినప్పుడు తలుపులన్నీ ఒకచోట, కిటికీలన్నీ ఒకచోట చేరతాయి. కొలతను నాలుగంకెల్లో, 0900 అని రాయడం మంచిది. లేకపోతే అక్షరాల లెక్కన వరస పేర్చే జాబితాల్లో 1050 ముందుకు, 900 వెనక్కి పోతాయి.

కొలత దగ్గర మన ఊళ్లో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఇక్కడ ఇల్లు అడుగులు, అంగుళాల్లోనే మాట్లాడుతుంది. అంగుళాల గుర్తు అయిన జంట కామాను ఆటోకాడ్ బ్లాక్ పేరులో ఒప్పుకోదు. ఏటవాలు గీత, కోలన్, కామా, నక్షత్రం, ప్రశ్నార్థకం, సమానం గుర్తు కూడా నిషిద్ధమే. 1990ల చివరి దాకా, అంటే ఆటోకాడ్ 14 వరకు, పేరుకు 31 అక్షరాలే హద్దు, మధ్యలో ఖాళీ కూడా కుదిరేది కాదు. ఆటోకాడ్ 2000 నుంచి ఆ హద్దు 255 అయింది. సీనియర్ల పాత ఫైళ్లలో పేర్లు అంత పొడిపొడిగా ఎందుకుంటాయో దీన్నిబట్టి అర్థం చేసుకోవాలి, వారిని తప్పుపట్టకూడదు. అంగుళాల గుర్తు కుదరదని మిల్లీమీటర్లకు మారితే ఇంకో జాగ్రత్త కావాలి. మూడున్నర అడుగులు దాదాపు 1,067 మిల్లీమీటర్లు; డ్రాయింగ్‌లో మాత్రం 1,050 అని గుండ్రం చేసి రాయడం అలవాటు. ఆ 17 మిల్లీమీటర్లు చట్రానికీ గోడకూ మధ్య పూడ్చగలిగిన సందే, కాని బ్లాక్‌లో గీసిన కొలతా పేరులో రాసిన కొలతా ఒకటే కావాలి.

మరి డి1? దాన్ని బ్లాక్ పేరుగా వాడకుండా ఆట్రిబ్యూట్‌గా ఉంచాలి. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంటుందంటే ఇది ఉండాలని కోరుకుంటాను. బ్లాక్ పేరు ఆ వస్తువు స్వభావం చెప్పాలి, ఏ ఇంట్లోనైనా అది మారదు. డి1 అనేది ఈ ఇంట్లో ఈ తలుపుకు మనం ఇచ్చిన గుర్తు మాత్రమే. ఇంకో ఇంట్లో అదే తలుపు డి3 కావచ్చు. స్వభావాన్నీ గుర్తునూ విడదీస్తే అబిడ్స్ ఫైల్, నాంపల్లి ఫైల్ ఎన్నిసార్లు కలిసినా మూడడుగుల తలుపు మూడడుగులుగానే ఉంటుంది.

ట్రూప్ బజార్‌కు వెళ్లే జాబితా కూడా అప్పుడే నిక్కచ్చిగా వస్తుంది. అబిడ్స్ నుంచి కోఠి వైపు నడిస్తే వచ్చే ఆ వీధిలో నగరం సగం బాత్రూములకు, దీపాలకు సరిపడా సరుకు దొరుకుతుంది. వాష్‌బేసిన్ బ్లాక్ పేరు ఫలానా కంపెనీ ఫలానా మోడల్ అని పెడితే, దుకాణంలో ఆ మోడల్ లేనప్పుడు డ్రాయింగ్ అబద్ధమవుతుంది. బేసిన్_గోడ_0550x0400 అని పెట్టి కంపెనీ, మోడల్ సంఖ్యలను ఆట్రిబ్యూట్లలో ఉంచితే సరుకు మారినా గీత నిలుస్తుంది. 550 బదులు 630 బేసిన్ కొన్నప్పుడే బ్లాక్ మారుతుంది, మారాలి కూడా, ఎందుకంటే తలుపు తెరుచుకునే చోటు తగ్గుతుంది. కంపెనీల వెబ్‌సైట్ల నుంచి దింపుకున్న బ్లాకులను నేరుగా వాడటం నాకు నచ్చదు. కుళాయి వంపుల దాకా వందల గీతలు, వాళ్ల సొంత లేయర్లు (గీతలను వేరుచేసి ఉంచే పొరలు), వాళ్ల పేర్లు, అన్నీ మన ఫైల్‌లోకి దిగుతాయి. బయటి అంచు చాలు, మిగతాది తీసేయాలి.

పేరు బాగున్నా లోపల మూడు సంగతులు సరిగా లేకపోతే బ్లాక్ కొరగాదు. మొదటిది ఆధార బిందువు: తలుపుకు బందు ఉన్న మూల, బేసిన్‌కు గోడకు ఆనే అంచు మధ్య. అది ఎక్కడో దూరాన ఉంటే ప్రతిసారీ వస్తువును వెతికి లాక్కురావాలి. రెండోది లేయర్. బ్లాక్ లోపలి గీతలను ‘0’ అనే లేయర్ మీద గీస్తే, ఆ బ్లాక్‌ను ఏ లేయర్‌లో పెడితే ఆ రంగు, ఆ మందం తెచ్చుకుంటుంది. వేరే లేయర్ మీద గీస్తే దాన్నే మోసుకుంటూ వస్తుంది. మూడోది యూనిట్లు. అంగుళాల లెక్కన గీస్తున్న ఫైల్‌లోకి, యూనిట్ ఏదో చెప్పకుండా మిల్లీమీటర్లలో గీసిన తలుపును తెస్తే 900 కాస్తా 900 అంగుళాలవుతుంది. 75 అడుగుల తలుపు. ఇంత పెద్ద తప్పు కంటికి కనిపిస్తుంది కాబట్టి ప్రమాదం తక్కువ. ఆరంగుళాల తప్పే ప్రమాదకరం.

2006 వెర్షన్‌తో వచ్చిన డైనమిక్ బ్లాకులు పేర్ల సంఖ్యను బాగా తగ్గించాయి. ఒకే తలుపు బ్లాక్, పక్కన చిన్న బాణం లాగితే రెండున్నర నుంచి మూడున్నర అడుగుల దాకా మారుతుంది. కాని లోపల సాఫ్ట్‌వేర్ చేసే పని వేరే: రూపం మార్చిన ప్రతి రకానికి నక్షత్రం, ‘యు’ అక్షరం, ఒక అంకెతో పేరులేని బ్లాక్‌ను తయారు చేసుకుంటుంది. సొంతంగా రాసుకున్న ప్రోగ్రామ్‌లతో లెక్క తీసేవారు ఆ తాత్కాలిక పేరును కాక అసలు పేరును అడగాలి, లేకపోతే సగం తలుపులు లెక్కలోకి రావు.

పేరు పెట్టడానికి బద్ధకించినా సాఫ్ట్‌వేర్ ఏదో ఒక పేరు పెట్టేస్తుంది. ‘పేస్ట్ యాజ్ బ్లాక్’ వాడితే ‘ఏ’ అక్షరం, డాలరు గుర్తు, ‘సి’ అక్షరం, వాటి వెనక అర్థం లేని అంకెలూ అక్షరాలూ వచ్చి చేరతాయి. పది చేతులు మారిన ఫైల్‌లో ఇలాంటివి వందల్లో కనిపిస్తాయి. వాడకంలో లేనివాటిని ‘పర్జ్’ కమాండ్ తీసేస్తుంది. వాడకంలో ఉన్నవాటికి మాత్రం ఎవరో ఒకరు కూర్చుని, ఒక్కొక్కటి తెరిచి, ఏమిటో తెలుసుకుని పేరు పెట్టాల్సిందే. ఆ పని చేసేవారికి ఆఫీసులో తగిన గౌరవం దక్కాలి.

పేర్లు ఆఫీసు గడప దాటి ప్రభుత్వం దాకా వెళ్లిన సందర్భం హైదరాబాద్‌కు తెలుసు. గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ 2016లో భవన అనుమతులకు ఆన్‌లైన్ పద్ధతి తెచ్చినప్పుడు, కాగితం ప్లాన్ స్థానంలో డ్రాయింగ్ ఫైలునే సాఫ్ట్‌వేర్ చదవడం మొదలైంది. స్థలం హద్దు ఒక లేయర్‌లో, కట్టబోయే భాగం ఇంకో లేయర్‌లో, రోడ్డు మరో లేయర్‌లో, ముందే నిర్ణయించిన పేర్లతో, మూసిన గీతలుగా ఉండాలి. 2012 నాటి భవన నిబంధనల జీవో 168 ప్రకారం చుట్టూ వదలాల్సిన ఖాళీ సరిపోయిందా అని మనిషి స్కేలు పెట్టి కొలిచే చోట, యంత్రం పేర్లను బట్టి కొలిచింది. బొమ్మ ఎంత ముచ్చటగా ఉన్నా, స్థలం హద్దును వేరే పేరున్న లేయర్ మీద గీస్తే ఆ యంత్రం దృష్టిలో స్థలమే లేదు. నగరంలోని ఎందరో డ్రాఫ్ట్స్‌మన్లకు పేరు విలువ అప్పుడే అనుభవంలోకి వచ్చింది.

మిగిలింది లైబ్రరీ. ఆఫీసు బ్లాకులన్నీ సర్వర్‌లో ఒకే ఫోల్డర్‌లో ఉండాలి, అందరూ తీసుకోవచ్చు, ఒక్కరే మార్చవచ్చు. ఇక్కడ కొత్తవారు ఒక అపోహ పడతారు: లైబ్రరీలో తలుపును దిద్దితే పాత డ్రాయింగ్‌లన్నీ మారతాయని. మారవు. ఇన్సర్ట్ చేసిన రోజునే నిర్వచనం ఆ ఫైల్‌లోకి నకలై పోయింది. తర్వాత ఆ ఫైల్‌కూ లైబ్రరీకీ సంబంధం లేదు. మార్పు ఎప్పటికప్పుడు అందాలంటే 1990లో పదకొండో విడుదలతో వచ్చిన ఎక్స్‌రెఫ్ వాడాలి. అది బయటి ఫైల్‌ను నకలు చేయకుండా తెరిచినప్పుడల్లా చూస్తుంది. పని జరుగుతున్నన్నాళ్లు పిల్లర్ల గ్రిడ్ లాంటివాటికి ఎక్స్‌రెఫ్ మేలు. తలుపులకు, బేసిన్లకు నేను బ్లాకునే ఎంచుకుంటాను. అనుమతి పొంది ముద్ర పడిన ప్లాన్ ఆ తర్వాత ఎవరో లైబ్రరీలో చెయ్యి పెట్టినందుకు మారిపోకూడదు. అందుకే లైబ్రరీలో తలుపును దిద్దినప్పుడు పాత పేరు మీదే సేవ్ చేయకుండా, వి2ని వి2గానే ఉంచి పక్కన వి3 చేర్చాలి. అయిదేళ్ల తర్వాత ఆ ఇంటి మీద ఇంకో అంతస్తు వేయడానికి పాత ఫైల్, కొత్త ఫైల్ కలిపినవారికి రెండు తలుపులూ వేటి కొలతలతో అవి కనిపిస్తాయి.